పాత పద్దుల పుస్తకం, కొత్త జావా

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు.

పండుగకు వచ్చినప్పుడు మీలో పెద్దది జావా అనే ప్రోగ్రామింగ్ భాష గురించి ఒక ప్రశ్న వేసింది. “జావాకు ఆరు నెలలకొక కొత్త వెర్షన్ వస్తూనే ఉంది కదా అమ్మమ్మా, వచ్చినవన్నీ ఎలా సాధన చేయడం?” అని. అప్పుడు నా రెండు చేతులూ బూరెల పిండిలో ఉన్నాయి. తరవాత చెబుతానన్నాను. ఆ తరవాత ఇదే.

మీరు చూపించిన ‘కొత్త ఫీచర్లు’ ఫోల్డరు నాకు బాగా గుర్తుంది. రికార్డుకు ఒక ఫైలు, సీల్డ్ క్లాసులకు ఒకటి, స్విచ్‌కు ఒకటి. ఏది తెరిచినా ఉదాహరణలుగా జంతువు, కుక్క, పిల్లి. లేదంటే వృత్తం, చతురస్రం. అన్నీ చక్కగా నడుస్తున్నాయి. అయినా వారం తరవాత అడిగితే ఒక్కటీ గుర్తు లేదన్నారు. గుర్తెలా ఉంటుంది? ఆ కుక్కతోనూ పిల్లితోనూ మీకు ఏనాడూ కష్టం రాలేదు. తలనొప్పి ఎరగనివాడికి అమృతాంజనం గొప్పతనం ఏం తెలుస్తుంది? కొత్త ఫీచరు ఏదైనా ఎవరో ఎన్నో ఏళ్లు పడ్డ ఇబ్బందికి మందు. ఆ ఇబ్బంది మీరు కూడా ఒకసారి పడాలి. అందుకు నాకు తెలిసిన మార్గం ఒక్కటే: మీరు సొంతంగా రాసిన పాత ప్రోగ్రాము ఒకటి దగ్గర పెట్టుకుని, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్నే తిరగరాయడం. ప్రతిసారీ కొత్త ప్రోగ్రాము వద్దు. అదే ప్రోగ్రాము, మళ్లీ మళ్లీ.

నా దగ్గర అలాంటిది ఒకటి ఉంది. మా నాన్నగారి కిరాణా కొట్టు గురించి మీ అమ్మ చెప్పే ఉంటుంది. గల్లాపెట్టె పక్కన ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దుల పుస్తకం ఉండేది. 1999లో, నలభైకి దగ్గరపడిన వయసులో, అమీర్‌పేటలో ఒక ఇరుకు గదిలో కుర్రవాళ్ల మధ్య కూర్చుని జావా నేర్చుకున్నాను. పాఠాలు జిరాక్సు కాగితాల మీద వచ్చేవి. విన్నది ఒంటబట్టాలని నాన్నగారి పద్దుల పుస్తకాన్నే ప్రోగ్రాముగా రాశాను.

అందులో ‘పద్దు’ అని ఒక క్లాసు, అంటే ఒక్కో పద్దులో ఏ వివరాలుండాలో చెప్పే అచ్చు. తేదీ, ఖాతాదారు పేరు, సొమ్ము, రకం. రకానికి అంకెలు పెట్టాను: 1 అంటే అప్పు, 2 అంటే జమ, 3 అంటే సరుకు వాపసు. అప్పటి జావాలో అంతకంటే సులువైన దారి నాకు తెలియలేదు. ఆ అంకెను బట్టి ఏ లెక్క చేయాలో ఎంచుకునే ఆదేశమే స్విచ్. స్విచ్‌లో మాటలు పెట్టుకునే వీలు 2011లో జావా 7తో గాని రాలేదు. మరి ఆ స్విచ్‌లో నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, జమ దగ్గర బ్రేక్ (ఇక్కడితో ఆగు అనే మాట) రాయడం మరిచిపోయాను. జమ లెక్క ముగిశాక ప్రోగ్రాము ఆగకుండా కింద ఉన్న వాపసులోకి జారింది. వంద రూపాయలు కట్టినవారి బాకీ రెండు వందలు తగ్గింది. బాకీ తగ్గిందని ఏ ఖాతాదారుడైనా వచ్చి ఫిర్యాదు చేస్తాడా? మూడు వారాల తరవాత నాన్నగారే నోటిలెక్కతో పట్టుకున్నారు. “మీ యంత్రానికి దానగుణం ఎక్కువమ్మా” అన్నారు.

2020 మార్చిలో జావా 14తో బాణం గుర్తు స్విచ్ స్థిరపడినప్పుడు నేనెందుకు అంత సంతోషించానో ఇప్పుడు మీకు తెలుస్తుంది. బాణం గుర్తు పెడితే కిందికి జారడమన్నదే లేదు. పైగా స్విచ్ మొత్తం ఒక విలువను తిరిగి ఇవ్వగలదు. నా పాత తప్పు మీరూ ఒకసారి చేయండి: పాత పద్ధతిలో రాసి, ఒక బ్రేక్ తీసేసి, లెక్క ఎంత తప్పుతుందో చూడండి. ఆ తరవాతే బాణం పెట్టండి.

అంకెల బదులు ఈనమ్ (ముందే ఖాయం చేసిన పేర్ల జాబితా) వాడే వీలు 2004లో జావా 5తో వచ్చింది. అంకెలైతే 7 అని ఎవరైనా రాసినా కంపైలర్ (ప్రోగ్రామును తనిఖీ చేసి యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) మాట్లాడదు. ఈనమ్‌తో ఆ బెడద పోయింది. కానీ ఆ మార్పు రోజు నా ప్రోగ్రాములు కొన్ని కంపైల్ కాలేదు. ఎన్యూమరేషన్ అనే ఇంటర్‌ఫేస్ వాడేటప్పుడు వేరియబుల్‌కు ముద్దుగా ఈనమ్ అని పేరు పెట్టుకోవడం అప్పట్లో చాలామందికి అలవాటు, నాకూ అంతే. ఆ మాటను భాషే తీసేసుకుంది. తరవాతి కాలంలో జావా పెద్దలు జాగ్రత్తపడ్డారు. 2018లో జావా 10తో వార్ (వేరియబుల్ రకం పేరు బదులు రాసే మాట) వచ్చినా, ఆ పేరుతో వేరియబుల్ ఉన్న పాత ప్రోగ్రాము నేటికీ నడుస్తుంది. రికార్డ్ అన్న మాటా అలాంటిదే.

రికార్డ్ అంటే మీరు ల్యాబులో అట్టలు వేసి సంతకాలు పెట్టించుకునేది కాదులెండి. 2021 మార్చిలో జావా 16తో స్థిరపడిన ఒక రకం క్లాసు. నా పాత పద్దు క్లాసులో ఫీల్డులు (లోపలి వివరాలు), కన్‌స్ట్రక్టరు (పద్దును తయారుచేసేది), ఒక్కో ఫీల్డుకు గెట్టరు (దాని విలువ చెప్పేది), ఈక్వల్స్, హాష్‌కోడ్, టుస్ట్రింగ్ కలిపి డెబ్బై గీతల కోడు దాటేది. రికార్డుగా రాస్తే ఒకే గీత. అందరూ మెచ్చుకునేది దీన్నే. నన్ను అడిగితే గీతలు తగ్గడం చిన్న సంగతి. గీతలు రాసిపెట్టే పని ఎడిటరు ఎప్పటినుంచో చేస్తోంది.

పెద్ద సంగతి వేరే ఉంది. నాన్నగారి పుస్తకంలో ఒకసారి సిరాతో రాసిన పద్దును దిద్దడానికి వీల్లేదు. పొరపాటున ఎనభై బదులు నూట ఎనభై రాస్తే కొట్టివేత ఉండదు. కింద వంద రూపాయలకు ఎదురు పద్దు రాయాలి. దిద్దుబాటు ఉన్న పుస్తకాన్ని ఎవరూ నమ్మరని ఆయన లెక్క. రికార్డు సరిగ్గా అదే చేస్తుంది. తయారైన తరవాత దాని ఫీల్డులు మారవు. నా పాత క్లాసులో సొమ్మును మార్చే సెట్టరు ఉండేది, ప్రోగ్రాములో ఏ మూల నుంచైనా ఎవరైనా దాన్ని పిలవవచ్చు. లెక్క తప్పితే ఎవరు మార్చారో వెతుక్కుంటూ ఒక రాత్రంతా కూర్చున్న రోజులున్నాయి.

ఇక్కడ ఒక చిల్లు ఉంది, అది మీ చేతులతోనే కనిపెట్టాలి. అప్పు పద్దులో కొన్న సరుకుల జాబితా ఉంటుంది కదా. ఆ జాబితాను అర్రేలిస్ట్‌గా (మార్చడానికి వీలున్న జాబితాగా) చేసి రికార్డుకు ఇవ్వండి. తరవాత బయటినుంచి అదే జాబితాకు ‘కందిపప్పు కిలో’ కలపండి. రికార్డును అచ్చు వేసి చూడండి. కందిపప్పు లోపల కూర్చుని ఉంటుంది! జాబితా ఏదన్నది మారలేదు గాని, జాబితాలో ఉన్నది మారిపోయింది. కన్‌స్ట్రక్టరులో లిస్ట్ డాట్ కాపీఆఫ్‌తో నకలు తీసుకుంటే ఈ చిల్లు పూడుతుంది. రికార్డుల కన్‌స్ట్రక్టరుకు పొట్టి రూపం ఒకటి ఉంది. సొమ్ము సున్నాకు తక్కువైతే అక్కడే తిప్పి పంపండి. సొమ్మును పైసల్లో, లాంగ్‌గా (పూర్ణాంకంగా) పెట్టుకోండి. డబుల్‌లో (దశాంశ సంఖ్యగా) పెడితే 0.1కి 0.2 కలిపినప్పుడు 0.30000000000000004 వస్తుంది. నాన్నగారు చూస్తే కొట్టు మూసేసేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా పద్దు క్లాసుకు పాత జబ్బు ఇంకొకటి ఉండేది. అప్పుకు సరుకుల జాబితా కావాలి, జమకు అక్కర్లేదు. జమకు నగదా, చెక్కా అన్నది కావాలి, అప్పుకు అక్కర్లేదు. అన్నీ ఒకే క్లాసులో కుక్కాను కాబట్టి ఏ పద్దు చూసినా సగం ఫీల్డులు నల్, అంటే ఖాళీ. ఎక్కడో నల్ తగిలి ప్రోగ్రాము పడిపోయేది. ఏ గీతలో పడిందో చెప్పేది గాని, ఏది నల్ అయిందో చెప్పేది కాదు. ఆ రెండో ముక్క కూడా చెప్పడం జావా 14 నుంచే మొదలైంది.

2021 సెప్టెంబరులో జావా 17తో సీల్డ్ ఇంటర్‌ఫేస్ స్థిరపడింది. పద్దు అనే సీల్డ్ ఇంటర్‌ఫేస్, దాని కింద అప్పు, జమ, వాపసు అనే మూడు రికార్డులు. ఈ మూడే పద్దులు, నాలుగోది లేదు అని మనం కంపైలర్‌కు మాట ఇచ్చినట్టు. 2023లో జావా 21తో, వస్తువు రకాన్ని బట్టి స్విచ్ రాసి, అదే చోట రికార్డును విప్పి లోపలి విలువలు తీసుకునే వీలూ కుదిరింది. బాకీ లెక్క ఇప్పుడు మూడు బాణాల పని.

నేను ఇచ్చే అభ్యాసం ఇది. బాకీ లెక్కకు ఒక స్విచ్, రసీదు అచ్చుకు ఒకటి, నెలవారీ మొత్తానికి ఒకటి, ఇలా రాసి పెట్టుకోండి. ఎక్కడా డిఫాల్ట్ (మిగిలినవన్నీ వెళ్లే దారి) పెట్టవద్దు. తరవాత నాలుగో రికార్డు కలపండి: కొసరు. కూడా వచ్చిన పిల్లవాడి చేతిలో నాన్నగారు పెట్టే బెల్లం ముక్క. దానివల్ల బాకీ మారదు, డబ్బాలో బెల్లం మాత్రం తగ్గుతుంది. ఇప్పుడు కంపైల్ చేయండి. కొసరు సంగతి తేల్చని ప్రతి స్విచ్ దగ్గరా కంపైలర్ ఆపుతుంది. అన్నీ సరిచేశాక, ఒక స్విచ్‌లో కొసరు తీసేసి డిఫాల్ట్ పెట్టి చూడండి. నోరు మెదపదు. డిఫాల్ట్ రాయడమంటే కాపలా మనిషికి మనమే సెలవిచ్చి పంపడం. పాఠ్యపుస్తకాలు ‘ఎప్పుడూ డిఫాల్ట్ రాయండి’ అంటాయి. అంకెల స్విచ్‌కు అది మంచి మాటే. ఇక్కడ మాత్రం ఆ మాట వినకండి.

మీలో చిన్నవాడు దీనికి అడ్డు చెప్పాడు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అంటే ప్రతి క్లాసూ తన పని తానే చేసుకోవాలి కదా, బాకీ లెక్కించే మెథడ్ ఆయా క్లాసుల్లోనే ఉండాలి కదా, బయట స్విచ్ పెట్టడం తప్పు కాదా అని. భలే అడిగాడు. అప్పుడు సగం జవాబే చెప్పాను. ఏది ఎక్కువసార్లు మారుతుందో చూడాలి. కొట్టులో పద్దు రకాలు నలభై ఏళ్లుగా ఆ మూడే (కొసరు పుస్తకంలోకి ఎక్కలేదు). కానీ ‘ఈ నెల ఎవరెవరు బాకీ’, ‘ఏ సరుకు ఎక్కువ వాపసు వచ్చింది’ వంటి కొత్త లెక్కలు రోజుకొకటి అడిగేవారు. రకాలు స్థిరంగా ఉండి పనులు పెరిగేచోట సీల్డ్, స్విచ్ నయం. రసీదు పంపే దారులు చూడండి: మొదట కాగితం, తరవాత ఎస్సెమ్మెస్, ఇప్పుడు వాట్సాప్, రేపు ఇంకేదో. పని ఒకటే, రకాలు పెరుగుతున్నాయి. అక్కడ మామూలు ఇంటర్‌ఫేస్ పెట్టి, ప్రతి క్లాసులో ‘పంపు’ అనే మెథడ్ రాయడమే సరైనది. ఒకే ప్రోగ్రాములో రెండూ ఉండవచ్చు. నా దాంట్లో ఉన్నాయి.

మిగతావి ఎక్కువ సాగదీయను. వార్ వాడితే కుడివైపు చూడగానే రకం తెలియాలి. తెలియకపోతే రకం పేరే రాయండి. 2014లో జావా 8తో వచ్చిన స్ట్రీములు (జాబితాలోని వాటిని వరసగా దాటిస్తూ లెక్క కట్టే సాధనం) ఖాతాదారువారీగా మొత్తాలు కట్టడానికి బంగారం లాంటివి, కానీ ఫర్ లూపులో మూడు గీతల్లో తేలేదాన్ని స్ట్రీములో ఎనిమిది చుక్కలతో గొలుసు కట్టకండి. చిన్న చిన్న సందేహాలకు ఫైలే అక్కర్లేదు, జేషెల్ తెరిచి అక్కడికక్కడే అడగండి. అది 2017 నుంచి జావాతోనే వస్తోంది. ఇక 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో, మొదటి ప్రోగ్రాముకు పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ అంటూ దండకం చదవనక్కర్లేదు. క్లాసు లేకుండా ఉత్త మెయిన్ రాసినా నడుస్తుంది. అమీర్‌పేటలో ఆ దండకం అర్థం కాక మొదటి వారమే మానేసినవాళ్లు గుర్తొచ్చారు.

ప్రివ్యూ (ఇంకా స్థిరపడనిది) అని ముద్ర ఉన్నవాటితో ఆడుకోండి, ఇల్లు మాత్రం కట్టకండి. స్ట్రింగ్ టెంప్లేట్లు (మాటల మధ్య విలువలు ఇమిడ్చే పద్ధతి) అని జావా 21లో, 22లో ప్రివ్యూగా వచ్చాయి. నాకు తెగ నచ్చి రసీదులన్నీ వాటితోనే రాసుకున్నాను. 23 వచ్చేసరికి వాటిని వెనక్కి తీసుకున్నారు. రసీదులన్నీ మళ్లీ రాశాను. ముద్ర చదవకుండా ముచ్చటపడ్డ నాదే తప్పు.

పద్దు, అప్పు, జమ అన్న పేర్లు ప్రోగ్రాములో తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చని మీకు తెలుసా? జావా మొదటినుంచీ యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ అంకెలిచ్చే పద్ధతి) మీద నిలబడ్డది. కీలక పదాలు ఇంగ్లీషులోనే ఉంటాయి గాని క్లాసులకూ వేరియబుళ్లకూ తెలుగు పేర్లు చెల్లుతాయి. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచాలి, అంతే. జావా 18 నుంచి విండోస్‌లో కూడా అదే అలవాటు పద్ధతి. అయితే ‘తెలుగు’ అన్న మాట పొడవు అడిగితే జావా ఆరు అంటుంది. మనకు మూడక్షరాలు, అది గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కపెడుతుంది. ఆ మాటను స్ట్రింగ్‌బిల్డర్‌తో తిరగేయించండి. కొమ్ము ముందుకు వచ్చి ఒంటరిగా నిలబడుతుంది, త మీది ఎత్వం వెళ్లి ల మీద కూర్చుంటుంది. రసీదులో పేర్లు ఒక వరసలో రాకపోతే కారణం ఎక్కడ వెతకాలో ఇప్పుడు తెలిసింది కదా.

ఈ ఉత్తరంలో ఒక్క గీత కోడు కూడా రాయలేదని విసుక్కోకండి. రాస్తే నకలు చేసి అతికించేస్తారు, వేళ్లకు పనే ఉండదు. మీ పద్దుల ప్రోగ్రాము మీరే రాయండి. కొసరు కలిపిన రోజు కంపైలర్ ఎన్నిచోట్ల ఆపిందో లెక్కపెట్టి నాకు చెప్పండి. నాకు ఐదు వచ్చాయి. ఆరోచోట ఆగలేదు, ఎందుకంటే అక్కడ ఎప్పుడో డిఫాల్ట్ పెట్టి మరిచిపోయాను. బెల్లం నిల్వ రెండు రోజులు తప్పు చూపించింది.

ఇట్లు,
మీ అమ్మమ్మ