మేకుతో పాటు పెచ్చు ఊడితే

గోడకు కొట్టిన మేకును కటింగ్ ప్లేయర్‌తో లాగితే గట్టి గోడ నుంచి మేకు ఒక్కటే వస్తుంది. గోడ నాసిరకమైతే సిమెంటు పెచ్చు కూడా ఊడొస్తుంది. అవల్షన్ ఫ్రాక్చర్ సరిగ్గా అలాంటిదే. కండరాన్ని ఎముకకు అతికించే తాడు టెండన్, ఎముకను ఎముకతో కట్టి ఉంచేది లిగమెంట్. మనం రెండింటినీ కలిపి ‘నరం’ అనేస్తాం, అది వేరే సంగతి. ఒక్కసారిగా గట్టి గుంజుడు పడ్డప్పుడు ఆ తాడు తెగకుండా, తాను అతుక్కున్న చోట ఎముక ముక్కను ఊడబెరుకుతుంది.

ఇది ఎక్కువగా 14 నుంచి 17 ఏళ్ల ఆటగాళ్లలో కనిపిస్తుంది. ఈ వయసులో కండలు పెద్దవాళ్లలా బలుస్తాయి. టెండన్ అంటుకునే చోట మాత్రం ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోదు, మధ్యలో మృదులాస్థి పొర ఉంటుంది. పెద్దవాళ్లకు కండరం చిరిగేంత గుంజుడు పడితే, పిల్లలకు ఆ పొర దగ్గర ఎముక ఊడుతుంది. 100 మీటర్ల పరుగులో దూసుకెళ్తున్న కుర్రాడికి ‘టప్’మని వినిపిస్తుంది, పిర్ర కింద చెయ్యి పెట్టుకుని కూలబడతాడు. బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒత్తుకునే ఎముక నుంచి తొడ వెనక కండరాలు ముక్కను లాగేశాయన్నమాట. ఫుట్‌బాల్‌ను బలంగా తన్నినప్పుడైతే ఇదే తుంటి ముందు వైపు జరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు “కండ పట్టేసిందిరా” అని మాలిష్ మొదలుపెడతారు. అసలు చేయకూడనిది అదే. కొత్త గాయాన్ని రుద్దితే రక్తస్రావం, వాపు పెరుగుతాయి.

పెద్దవాళ్లలో ఎక్కువగా దెబ్బ తినేది పాదం. చివరి మెట్టు చూసుకోక పాదం లోపలికి మడతపడితే, చిటికెన వేలి వెనకాల పాదం అంచున ఉన్న ఎముక మొదట్లో ముక్క ఊడుతుంది. ఇదే ఎముక కాస్త ముందుకు విరిగితే దాన్ని జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. రాబర్ట్ జోన్స్ అనే బ్రిటిష్ సర్జన్ డాన్స్ చేస్తూ తన పాదాన్నే విరగ్గొట్టుకుని, 1902లో దాని గురించి రాశారు. రెంటికీ ఎడం కొద్దిగానే, నడత మాత్రం వేరు. పెచ్చు ఊడింది గట్టి అడుగున్న బూటుతో సులువుగా మానుతుంది. జోన్స్‌ది రక్తం సరిగా అందని చోటు కాబట్టి సతాయిస్తుంది.

బెణికిందా, ఎముక విరిగిందా? నాలుగు అడుగులు వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా ఎక్స్‌రే తీయాల్సిందే. పిల్లల ఎక్స్‌రే చదవడం ఇంకో తిప్పలు. పాదం అంచు ఎముకలో పెరుగుదల గీత నిలువుగా ఉంటుంది, ఎముక విరిగిన గీత అడ్డంగా పోతుంది. అనుమానం వస్తే రెండో కాలికి కూడా తీసి పోల్చుకుంటారు. కొన్నిసార్లు ముక్క చిన్నదే, కబురు పెద్దది. మోకాలి బయటివైపు సన్నని పలుకు ఊడితే దాన్ని సెగాండ్ ఫ్రాక్చర్ అంటారు, దాని వెనక మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్ ఏసీఎల్ కూడా తెగి ఉండే అవకాశం చాలా ఎక్కువ. పడకుండానే పెద్ద వయసువాళ్లకు తొడ ఎముక పైభాగంలో లోపలి బొడిపె ఊడితే, డాక్టర్లు ముందు క్యాన్సర్ కోసం వెతుకుతారు.

చాలా వాటికి ఆపరేషన్ అక్కర్లేదు. గుంజిన కండరం వదులుగా ఉండేలా పడుకోబెట్టి, కొన్నాళ్లు ఊతకర్రలతో నడిపిస్తే చాలు. ముక్క 2 సెంటీమీటర్లకు మించి జరిగితే స్క్రూ వేసే ఆలోచన చేస్తారు. మడమ వెనక ముక్క ఊడినప్పుడు మాత్రం గంటలు కూడా లెక్కే, అది పైన చర్మాన్ని లోపలి నుంచి ఒత్తి చంపేస్తుంది.

వేలి సంగతి చిన్నదే, ఓపిక మాత్రం చాలా కావాలి. క్యాచ్ పట్టబోతే బంతి వేలి కొనకు తగిలి, వేలిని లేపే టెండన్ ఎముక ముక్కను ఊడబెరికితే చివరి కణుపు వేలాడిపోతుంది, తనంతట తాను లేవదు. స్ప్లింట్ (వేలు వంగకుండా పట్టి ఉంచే బద్ద) వేసి 6 నుంచి 8 వారాలు రాత్రింబవళ్లు నిటారుగా ఉంచాలి. స్నానం చేశాక స్ప్లింట్ మార్చేటప్పుడు కూడా వేలి కొనను బల్ల మీద ఆనించే ఉంచాలి. ఒక్కసారి వంగిందా, వారాల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.