ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి విజిటింగ్ కార్డా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో మాది చిన్న ప్రింటింగ్ షాపు. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలే మాకు తిండి పెట్టేవి. ఈమధ్య ఉద్యోగం వెతుక్కునేవాళ్లూ విజిటింగ్ కార్డుల కోసం వస్తున్నారు. కౌంటర్ దగ్గర తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: కంపెనీ ఉన్నవాళ్లకే కార్డు.

వాస్తవం: కార్డు మీద ఉండాల్సింది మీకు వచ్చిన పని. పేరు కింద "సైట్ ఇంజనీర్, అపార్ట్‌మెంట్ పనుల్లో 4 ఏళ్ల అనుభవం" అని ఉంటే చాలు. మానేసిన కంపెనీ లోగో వేయమంటే మాత్రం నేను వేయను. "ఫౌండర్ అండ్ సీఈఓ" అని వేయమన్న ఫైనలియర్ కుర్రాడికి టీ ఇప్పించి పంపేశాను.

అపోహ: కార్డు ఉంటే రెజ్యూమె అక్కర్లేదు.

వాస్తవం: కార్డు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. జాబ్ మేళాలో అడిగేది రెజ్యూమెనే, అక్కడ కార్డు దాదాపు దండగ. అది పనికొచ్చే చోటు వేరు. పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నాయన "మా బావమరిది దగ్గర మనిషి కావాలన్నారే" అంటాడు. ఆ టైములో జేబులో రెజ్యూమె ఉండదు, ఆయన చెయ్యేమో ఎంగిలి, ఫోన్ తీసి నంబరు సేవ్ చేసుకోమనలేం.

అపోహ: ఎంత మెరిస్తే అంత గొప్ప.

వాస్తవం: నాకు ఎక్కువ వాదన అయ్యేది ఇక్కడే. అందరికీ లామినేషన్ కావాలి, కొందరికి బంగారు ఫాయిల్ కూడా. కార్డు తీసుకున్న మనిషి ఏం చేస్తాడో ఆలోచించండి. నాలుగు కార్డులతో ఇంటికెళ్తే రేపటికి ఎవరెవరో గుర్తుండదు. అందుకే తెలివైనవాళ్లు వెనక రాసుకుంటారు: "గుంటూరు పెళ్లిలో కలిశాడు, సోమవారం ఫోన్ చేయాలి". లామినేషన్ మీద బాల్ పెన్ జారిపోతుంది, జెల్ పెన్ అలుక్కుపోతుంది. కోటింగ్ లేని 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) బోర్డు తీసుకుని వెనకవైపు ఖాళీగా వదిలేయండి. లామినేషన్ చేస్తే నాకే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి, అయినా చెబుతున్నా. సైజు కూడా మామూలు 3.5 x 2 అంగుళాలే ఉంచండి. చదరపు కార్డు పర్సు అరలో దూరదు.

అపోహ: క్యూఆర్ కోడ్ పెడితే ఇంకేమీ రాయక్కర్లేదు.

వాస్తవం: 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీవాళ్లు కారు విడిభాగాల లెక్క కోసం చేసిన గళ్ల బొమ్మ ఇది. మన దగ్గరకొచ్చేసరికి కిరాణా కొట్టు గల్లాపెట్టె అయింది. కోడ్ చూడగానే డబ్బులు వేయమంటున్నారేమో అనుకునేవాళ్లున్నారు, మోసమేమోనని స్కాన్ చేయనివాళ్లూ ఉన్నారు. కాబట్టి ఫోన్ నంబరు అంకెల్లో ఉండాల్సిందే. కోడ్ పెడితే కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి, మీ ప్రొఫైల్ లింకు నేరుగా అందులోనే ఉండాలి. ఫ్రీ ట్రయల్ సైట్లలో చేసిన డైనమిక్ కోడ్‌లు (ముందు ఆ సైటుకెళ్లి, అక్కణ్ణుంచి మీ లింకుకు పంపేవి) కొన్ని గడువు దాటాక తెరుచుకోవు.

అపోహ: వెయ్యి వేయిస్తేనే చౌక.

వాస్తవం: ప్లేట్లు చేసి అచ్చు వేసే ఆఫ్‌సెట్‌లో ఒక్కో కార్డు లెక్కన చౌకే. కానీ ఉద్యోగం దొరికిన రోజు మిగిలినవన్నీ చిత్తుకాగితాలే. ప్లేట్లు లేకుండా కంప్యూటర్ నుంచి నేరుగా వేసే డిజిటల్‌లో వంద చాలు. ఇంటి అడ్రసు, పుట్టినతేదీ వద్దు, ఊరి పేరు ఉంటే సరిపోతుంది.

ఇంకొకటి. అచ్చుకు ముందు సరిచూసుకోమని ప్రూఫ్ (నమూనా) ఇచ్చినప్పుడు నంబరు చదివి తల ఊపకండి, ప్రూఫ్ చూస్తూ ఆ నంబరు డయల్ చేయండి. ఒకసారి మా షాపులోనే చివరి అంకె తప్పు పడింది. ఆ అబ్బాయి ముప్పై కార్డులు పంచాక గానీ ఎవరికీ తెలియలేదు.