పొట్ట మీద ప్యాక్స్: జిమ్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో నేను ట్రైనర్‌గా పనిచేసే జిమ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది పీజీ హాస్టళ్లలో ఉండే మన తెలుగు కుర్రాళ్లు, అమ్మాయిలు. పట్టుదలకి ఏ లోటూ లేదు. కానీ ఎక్కడో విన్న మాటలు నమ్మి, ఆ పట్టుదలంతా పనికిరాని చోట ఖర్చుపెట్టి, మూడు నెలలకే విసిగి మానేస్తున్నారు. అది చూస్తే బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రోజుకి మూడొందల క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం) కొడితే పొట్ట కరుగుతుంది.

వాస్తవం: కరగదు. కండ పనిచేసేటప్పుడు దానికి కావాల్సిన కొవ్వు ఒళ్లంతటి నుంచీ రక్తంలోకి వచ్చి చేరుతుంది. పక్కనే ఉంది కదా అని పొట్ట కొవ్వునే వాడుకోదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచి చూశారు. ఏళ్ల తరబడి రాకెట్ పట్టిన చేతికీ, రెండో చేతికీ చర్మం కింద కొవ్వు మందంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో కొందరితో వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు పొట్ట వ్యాయామాలే చేయించారు. వాళ్ల కండకి ఓర్పు పెరిగింది, పొట్ట కొవ్వు మాత్రం తగ్గలేదు.

అలాగని పొట్ట వ్యాయామాలు వృథా కాదు. అవి కండని మందం చేస్తాయి, కొవ్వు తగ్గాక ప్యాక్స్ గీతలు లోతుగా కనిపించేది అందుకే. మిగతా కండల్లాగే వారానికి రెండు మూడుసార్లు, 10-15 సార్లు చేసేసరికే కష్టమనిపించేలా చేస్తే చాలు. ఎలా చేస్తున్నారన్నదే ముఖ్యం. హ్యాంగింగ్ లెగ్ రెయిజ్, అంటే కడ్డీకి వేలాడుతూ కాళ్లు పైకి లేపే వ్యాయామం, చేసేవాళ్లని గమనించండి. చాలామంది కాళ్లు ఊపి పైకి లేపుతారు, పని అంతా తొడ మొదట్లో ఉన్న కండలే చేసేస్తాయి. నడుము కింది ఎముక పైకి మడుచుకుని పక్కటెముకల వైపు రావాలి, అప్పుడే పొట్ట పనిచేస్తుంది. గాలి పూర్తిగా వదులుతూ, ఊగకుండా, నెమ్మదిగా ఎనిమిదిసార్లు చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

అపోహ: నా బరువు నార్మలే, కాస్త తిండి తగ్గిస్తే ప్యాక్స్ వచ్చేస్తాయి.

వాస్తవం: మనవాళ్ల దగ్గర నేను ఎక్కువగా చూసే సమస్య ఇదే. చేతులు, కాళ్లు సన్నగా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఒకే బీఎంఐ, ఒంట్లో కొవ్వు రెట్టింపు కన్నా ఎక్కువ!

ఇలాంటి ఒంటితో కడుపు మాడ్చుకుంటే ఉన్న కాస్త కండ కూడా పోతుంది. పొట్ట మిగులుతుంది, మొహం పీక్కుపోతుంది. ముందు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, పుల్అప్స్ లాంటి పెద్ద వ్యాయామాలతో ఒళ్లంతా కండ పెంచాలి. దానికి ప్రొటీన్ కావాలి.

పీజీలో ఉండే ఒక కుర్రాడి రోజు చూద్దాం. పొద్దున మూడు ఇడ్లీ, సాంబారు. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు. సాయంత్రం టీ, బిస్కెట్లు. రాత్రి మూడు చపాతీ, కుర్మా. అంతా కలిపినా ప్రొటీన్ దాదాపు 40 గ్రాములు. బరువులెత్తేవాళ్లకి కిలో బరువుకి 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుంది, అంటే 65 కిలోల మనిషికి దాదాపు వంద గ్రాములు. దీనికే రోజూ మూడు ఉడకబెట్టిన గుడ్లు, 50 గ్రాముల మీల్ మేకర్, ఒక పెద్ద గిన్నె పెరుగు కలపండి, 90 దాటుతుంది. గుడ్డు తినని వాళ్లకి పనీర్, శనగలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కండ కోసం ప్రొటీన్ పౌడర్లకి దూరంగా ఉండమంది. డబ్బా కొనే ముందు కంచం సరిచేసుకోమనే నేనూ చెప్తాను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ప్రొటీన్ పెంచొద్దు.

అపోహ: అన్నం మానేసి రాగి ముద్ద తింటే పొట్ట పోతుంది.

వాస్తవం: బెంగళూరు వచ్చాక అందరూ దీన్ని గట్టిగా నమ్ముతున్నారు. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 356 కేలరీలు ఉంటే, రాగుల్లో దాదాపు 320. రాగిలో పీచు, కాల్షియం బాగా ఎక్కువ, ఆకలి కూడా ఆగుతుంది, కాబట్టి తినండి. కానీ పెద్ద పెద్ద ముద్దలు రెండు తింటే లెక్క మారదు. అసలు కేలరీలు నూనెలో ఉన్నాయి. ఒక టేబుల్ స్పూన్ నూనెకి 120 కేలరీలు. ఆదివారం ఆంధ్రా మెస్‌లో పప్పు పొడిలో నెయ్యి, వేపుడు, పైన అప్పడాలు, మళ్లీ అన్నం. అన్నం కన్నా దాని మీద పోసుకున్నవే ఎక్కువ అవుతాయి. అన్నం సగం చేయండి, నెయ్యి ఒక్క చెంచాకి ఆపండి, వేపుడు బదులు చికెన్ పులుసు తీసుకోండి. మెస్ మానక్కర్లేదు.

అపోహ: చెమట బెల్టు, కరెంటు బెల్టు, నిమ్మరసం తేనెతో పొట్ట తగ్గుతుంది.

వాస్తవం: చెమటతో పోయేది నీళ్లే. కూర్చున్నచోటే ప్యాక్స్ తెప్పిస్తామన్న కరెంటు బెల్టుల కంపెనీల మీద 2002లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు పెట్టింది. తేనె ఒక టేబుల్ స్పూన్‌కి 60 కేలరీలు, కొవ్వు కరిగించే గుణమేమీ లేదు.

అపోహ: కష్టపడితే ఎవరికైనా ఎయిట్ ప్యాక్ వస్తుంది.

వాస్తవం: పొట్ట కండని అడ్డంగా విడదీసే పట్టీలు ఎన్ని, ఎక్కడ అన్నది పుట్టుకతోనే వస్తుంది. కొందరికి నాలుగే, కొందరికి ఆరు, కొందరికి ఎనిమిది. కొందరికి రెండు వైపులా ఒకే వరసలో ఉండవు. ఏ వ్యాయామమూ దీన్ని మార్చదు.

అమ్మాయిలకి ఒక మాట. గీతలు కనిపించేంత సన్నబడే ప్రయత్నంలో పీరియడ్స్ ఆగిపోతే, తిండి సరిపోవట్లేదని శరీరం చెప్తున్నట్టు. అక్కడితో డైట్ ఆపి డాక్టర్‌ని కలవండి. కాన్పు తర్వాత వెల్లకిలా పడుకుని తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా పైకొస్తే, కండలు మధ్యలో విడిపోయి ఉండొచ్చు. ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించాకే క్రంచెస్.

అపోహ: నిద్ర తగ్గినా జిమ్ మానకపోతే చాలు.

వాస్తవం: అమెరికా కాల్స్ కోసం రాత్రి రెండింటిదాకా మేలుకునేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. 2010లో అధిక బరువున్న పదిమందితో ఒక ప్రయోగం చేశారు. ఒకే రకం డైట్‌తో రెండు వారాలు ఎనిమిదిన్నర గంటల నిద్ర అవకాశం, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు. తగ్గిన బరువు దాదాపు సమానం. కానీ నిద్ర తక్కువైనప్పుడు పోయిన కొవ్వు, బాగా నిద్రపోయినప్పుడు పోయినదాంట్లో సగం కూడా లేదు, తగ్గిన బరువులో మిగతాదంతా కండ లాంటి కొవ్వు కాని భాగమే. రాత్రి షిఫ్ట్ ఉన్న రోజు పొద్దున్నే ఆరింటికి జిమ్‌కి రావద్దు. పడుకుని, సాయంత్రం రండి.

అపోహ: ఆన్‌లైన్‌లో దొరికే ఫ్యాట్ బర్నర్‌తో (కొవ్వు కరిగిస్తుందని అమ్మే మందుతో) త్వరగా అయిపోతుంది.

వాస్తవం: కొన్ని గుండె దడ, బీపీ తెస్తాయి. కొవ్వు కరిగించడానికి వాడే డీఎన్‌పీ అనే రసాయనం మనుషులు వాడటానికి పనికిరాదని అమెరికా 1938లోనే తేల్చింది, అయినా ఇప్పటికీ దొంగచాటుగా అమ్ముతున్నారు. దాంతో ప్రాణాలు పోయాయి. ఎవరైనా ట్రైనర్ ఇలాంటి మాత్రో, ఇంజెక్షనో చేతిలో పెడితే తీసుకోకండి, ఆ జిమ్ మారిపోండి. వారానికి 350-500 గ్రాములు తగ్గితే 70 కిలోల మనిషికి అది మంచి వేగం. ఎనిమిది కిలోల కొవ్వు దించాలంటే నాలుగైదు నెలలు పడుతుంది, పండగలు, ఊరి ప్రయాణాలు కలిపితే ఇంకో రెండు. ఈ లోపు నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటి ఉంటే, ప్యాక్స్ సంగతి తర్వాత, ముందు షుగర్, బీపీ చూపించుకోండి.