పేరు పక్కన ఊరు కూడా రాయండి

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ సెలవుల్లో ఇంటి చరిత్ర రాస్తామంటున్నారట, చాలా సంతోషం. ఒక లావుపాటి నోటుబుక్కు కొనుక్కోండి. ఎడమ పేజీలో విన్నది రాయండి, కుడి పేజీని దానికి దొరికే ఆధారం కోసం ఖాళీగా ఉంచండి. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, ఆ సంగతి చెప్పింది ఎవరు, ఏ రోజు చెప్పారు అన్నవి తప్పకుండా ఉండాలి. మన తెలంగాణ దిక్కు మనవడికి తాత పేరు పెట్టుకుంటారు. ఒక్క ఇంట్లోనే నాలుగు తరాల్లో ఇద్దరు మల్లయ్యలు, పాలోళ్ల (దాయాదుల) ఇండ్లల్లో ఇంకో ఇద్దరు ఉంటారు. ఉత్త 'మల్లయ్య' అని రాసుకుంటే తాతను, మనవణ్ని కలిపి ఒకే మనిషిని చేస్తారు. నడుమ తరం మాయమైపోతుంది.

మొదలు ఆడవాళ్లను అడగండి. మగవాళ్లు ఎక్కువగా తమ పాలోళ్ల సంగతే చెప్తారు. పెండ్లయి వచ్చినామెకు తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు, అమ్మమ్మ ఊరు మూడూ తెలుసు. అయితే పుట్టిన సంవత్సరం ఎంత అని అడిగితే చాలామంది పెద్దవాళ్లు చెప్పలేరు. "పోలీస్ యాక్షన్ నాటికి నీ పెండ్లయిందా? అప్పుడు చంకలో ఉన్న పిల్ల ఎవరు?" అని అడగండి. అది 1948 సెప్టెంబరు, నిజాం రాజ్యం ఇండియాలో కలిసినప్పటి సంగతి. పోచంపల్లి భూదానం 1951 ఏప్రిల్, నాగార్జునసాగర్ శంకుస్థాపన 1955 డిసెంబరు, తెలంగాణ ఉద్యమం 1969. ఇట్లాంటి రెండు గుర్తుల నడుమ చాలామంది పుట్టుక కొన్నేండ్ల తేడాలో పట్టుబడుతుంది. బడి రిజిస్టరులో జూన్ ఒకటో, జూలై ఒకటో కనబడితే అది సారు వేసిన తేదీ కావచ్చు, అనుమానించండి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏండ్లకోసారి తిరిగొస్తాయి. సర్వధారి అంటే 1948-49 కావచ్చు, 1888-89 కూడా కావచ్చు.

తర్వాత అటక మీది ఇత్తడి, రాగి సామాను దించండి. పెండ్లికి పెట్టిన బిందెల మీద, తాంబాళాల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించేవాళ్లు. పెట్టినవాళ్ల పేరు, ఊరు, ఒక్కోసారి తారీకు కూడా ఉంటాయి. నాయన మేనమామ పెట్టిన బిందె అంచు మీద నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు దొరకొచ్చు, అది వేరే ఏ కాగితంలోనూ ఉండకపోవచ్చు. చింతపండు వేసి తోమీ తోమీ ఆ చుక్కలు అరిగి ఉంటాయి కాబట్టి మీరు మళ్లీ రుద్దకండి. గదిలో లైటు ఆర్పి, టార్చిని బిందెకు దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి. గుంటల్లో నీడ పడి అక్షరాలు తేలుతాయి. ఎదురుగా వేస్తే మెరుపు తప్ప ఏమీ రాదు.

భూమి ఉన్న ఇంటికి పెద్ద ఆధారం 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన సర్కారు లెక్క. తహసీల్దార్ ఆఫీసులో నకలు అడగడానికి పోయేముందే సర్వే నంబరు తెలుసుకోండి, ఉత్త పేరు చెప్తే దొరకడం కష్టం. అందులో పట్టాదారు (పట్టా ఉన్నవాడు) వేరు, అనుభవదారు (భూమి చేతిలో ఉన్నవాడు) వేరు, ఇద్దరినీ రాసుకోండి. తాత పోయిన ఇరవై ఏండ్ల దాకా పట్టా ఆయన పేరు మీదే ఉండిపోవచ్చు కాబట్టి పహాణీలో పేరు ఉన్నంత మాత్రాన మనిషి బతికున్నట్టు కాదు. విరాసత్ (వారసత్వం) కాగితం దొరికితే అన్నదమ్ములంతా ఒక్కచోట కనబడతారు. ఆడబిడ్డల పేర్లు అందులో చాలాసార్లు ఉండవు. వాళ్ల లెక్క పెద్దవాళ్లను అడిగి నింపాల్సిందే.

నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. 'ఎల్లయ్య వలద్ మల్లయ్య' అంటే మల్లయ్య కొడుకు ఎల్లయ్య. జౌజె అంటే భార్య, బేవా అంటే భర్త పోయినామె, మౌజా అంటే ఊరు. ఆ గొలుసుకట్టు రాతలో చుక్కలు, అచ్చులు సరిగ్గా ఉండవు, మన పేర్లు తారుమారవుతాయి. ఇద్దరితో విడివిడిగా చదివించి పోల్చుకోండి. నిజాం సర్కారు లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరాన్ని మన ఇంగ్లీషు సంవత్సరం చేయాలంటే 590 కలపాలి. అయితే ఆ ఏడాది అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. 1344 ఫసలీ ఖుర్దాద్ అంటే 1935 ఏప్రిల్ ప్రాంతం.

ఊరిని ఇప్పటి జిల్లా పేరుతోనే వెతకకండి. సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో, నారాయణపేట 2019లో జిల్లాలయ్యాయి. పాత కాగితం మీద పాత తాలూకా పేరుంటుంది, గద్వాల, వనపర్తి దిక్కైతే సంస్థానం పేరు కూడా ఉండొచ్చు. కృష్ణ ఒడ్డున కొన్ని ఊర్లు శ్రీశైలం నీళ్ల కింద పోయినయి. ఆ ఊరి మనుషులు ఎక్కడ ఇండ్లు కట్టుకున్నారో కనుక్కొని అక్కడికి పోయి అడగండి.

భూమి లేని ఇంటివాళ్లు ఆశ వదులుకోవద్దు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, రెడ్లకు పిచ్చుకుంట్లవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు గోత్రాలు, ఇంటిపేర్లు, కులకథలు చెప్పేవాళ్లు. అట్లాంటివాళ్లు దొరికితే కూర్చోబెట్టి, అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేయండి, ఇవ్వాల్సిన త్యాగం (కథ చెప్పినందుకు ఇచ్చే కానుక) ఇవ్వండి. అందులో పురాణ భాగం ఎక్కువ. మీ లెక్కకు పనికొచ్చేది దగ్గరి మూడు నాలుగు తరాలే, ఆ తరాలను వేరే పేజీలో రాసుకోండి.

ఇంటిపేరు ఒక్కసారిగా మారిన చోట ఇల్లరికమో, సాదుకున్న పిల్లలో ఉండొచ్చు. ఆ సంగతి మెల్లగా అడగండి, నోటుబుక్కులో రాసుకోండి, వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఆ మనిషి బతికుంటే పెట్టాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం.

ఇట్లు,
మీ తాత