గుంతా, మచ్చా? అనీష్ కపూర్ నలుపు వెనక కథ

2018 ఆగస్టులో పోర్చుగల్‌లోని పోర్తో నగరంలో, సెరాల్వెస్ మ్యూజియానికి వచ్చిన ఒకాయన నేల మీద నల్లటి వృత్తంలా కనిపించే గుంతలో పడ్డాడు. లోతు సుమారు రెండున్నర మీటర్లు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. హెచ్చరిక బోర్డులు ఉన్నా ఇలా జరిగింది. లోపలంతా నల్ల రంగు పూస్తే కంటికి లోతు తెలియదు, గుంత కాస్తా తివాచీ అవుతుంది. ‘డిసెంట్ ఇన్‌టు లింబో’ అనే ఆ కళాకృతిని బ్రిటిష్ శిల్పి అనీష్ కపూర్ 1992లోనే చేశాడు.

నలుపు పేరు చెప్పి కపూర్‌ని తిట్టేవాళ్లు 2016లో ఒక కొత్త నలుపు మీద రేగిన గొడవ నుంచే మొదలుపెడతారు. అసలు కథ అంతకు చాలా ముందుది.

1954లో ముంబైలో పుట్టిన కపూర్ డెబ్బైల్లో లండన్‌లో ఆర్ట్ చదివాడు. 1979లో ఒకసారి ఇండియా వచ్చి వెళ్లాక పొడి రంగుల కుప్పలతో పని మొదలుపెట్టాడు. గుడి ముందు అంగట్లో పళ్లేల నిండా కుప్పగా పోసిన పసుపు, కుంకుమ చూసినవాళ్లకి అవి కొత్తగా అనిపించవు. పొడి అంచు నేలలో కలిసిపోతుంది, వస్తువు ఎక్కడ ఆగిందో చెప్పలేం. తర్వాత కుప్పని వదిలి బోలుతనం వైపు వెళ్లాడు. 1990లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో బ్రిటన్ తరఫున నిలిచాడు, 1991లో బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ ప్రైజ్ వచ్చింది. షికాగోలోని అద్దం లాంటి శిల్పం ‘క్లౌడ్ గేట్’ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం.

2014లో సర్రే నానోసిస్టమ్స్ అనే బ్రిటిష్ కంపెనీ వాంటాబ్లాక్ అనే అతి నల్లటి పూతని బయటపెట్టింది. ఇది డబ్బాలో దొరికే పెయింట్ కాదు. ఉపరితలం మీద కార్బన్ నానోట్యూబులు నిలువుగా, వరి నారులా ఒత్తుగా మొలుస్తాయి. వాటి సందుల్లో దూరిన వెలుతురు అటూ ఇటూ తగిలి తగిలి వేడిగా మారిపోతుంది. 99.965 శాతం అక్కడే ఆగిపోతుంది. పాతికేళ్లుగా మామూలు రంగుతో నెట్టుకొచ్చిన మనిషికి ఇది ఎంత ఊరించిందో ఊహించుకోవచ్చు.

2016లో దాన్ని కళలో వాడే హక్కు కపూర్ ఒక్కడికే దక్కింది. దాంతో గొడవ రేగింది. స్టువర్ట్ సెంపుల్ అనే కళాకారుడు కళ్లు చెదిరే గులాబీ పొడి తయారుచేసి, కపూర్‌కి తప్ప అందరికీ అమ్మాడు. కపూర్ ఎలాగో సంపాదించి, అందులో ముంచిన నడివేలు ఫొటో పెట్టాడు. పిల్లల తగవే! అయినా ఒక రంగుని ఒక్కడి చేతిలో పెట్టడం నాకూ మింగుడుపడదు.

వాంటాబ్లాక్‌తో కపూర్ చేసిన శిల్పాలు 2022లో వెనిస్‌లోని అకాడెమియా మ్యూజియంలో జనం ముందుకొచ్చాయి. ఎదురుగా నిలబడితే చదునైన నల్ల ఆకారం. రెండడుగులు పక్కకి జరిగితే అదే మన వైపు పొడుచుకొచ్చి ఉంటుంది.