అయస్కాంతాన్ని తూచే తక్కెడ

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. జెనీవా దగ్గర సెర్న్ అనే కణభౌతిక పరిశోధనశాలలో ఉన్న సీఎంఎస్ అనే కణ పరిశోధక యంత్రం గురించి చదివి, దాని అయస్కాంత క్షేత్రం 3.8 టెస్లాలని (టెస్లా అంటే ఆ క్షేత్ర బలానికి కొలమానం) కొలిచిన పరికరం సరిగ్గానే కొలిచిందని ఎలా నమ్మాలని మీలో చిన్నది అడిగింది. చాలామంది పెద్దలకు తోచని ప్రశ్న అది.

విద్యుదావేశం ఉన్న కణం అయస్కాంత క్షేత్రంలో వంపు తిరుగుతూ పోతుంది. ఆ వంపును బట్టే దాని ద్రవ్యవేగాన్ని (మొమెంటమ్‌ను) లెక్కకడతారు కనుక, క్షేత్రం విలువలో ఒక శాతం పొరపాటు వస్తే ద్రవ్యవేగంలోనూ ఒక శాతం పొరపాటు వస్తుంది. అందువల్ల అయస్కాంతం లోపల చోటుచోటునా క్షేత్రాన్ని కొలిచి పటం గీస్తారు. ఆ కొలతకు ఎక్కువగా వాడేది హాల్ సెన్సర్. పలుచని రేకు గుండా విద్యుత్తును పంపి, రేకుకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని ఉంచితే, రేకు రెండు పక్కల మధ్య చిన్న వోల్టేజీ పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ బంగారు రేకుతో కనుగొన్నాడు. ఇప్పుడు బంగారానికి బదులు అర్ధవాహకాలను (సెమీకండక్టర్లను) వాడుతున్నారు.

నా చిన్నతనంలో మా తాతగారు తక్కెడ పట్టుకుంటే మేము చుట్టూ చేరేవాళ్లం. ఆయన ముందుగా ఖాళీ తట్టలను ఎత్తి ముల్లు నడుమ నిలిచిందో లేదో చూసేవారు. నిలవకపోతే తేలిక తట్టలో చిన్న రాయి వేసి ధడా కట్టేవారు. అంతటితో ఊరుకోక, తూచిన సరుకును రెండో తట్టలోకి మార్చి మళ్లీ తూచేవారు. తక్కెడలో వంకర ఉంటే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా చూపి తనంతట తానే బయటపడుతుంది. తూచేదాన్ని తూచనివాడి మాట నమ్మవద్దనేవారు ఆయన. పరికరం ఎంత ఖరీదైనదైనా ఆ మాట వర్తిస్తుంది.

హాల్ సెన్సర్‌కు చేసేదీ ఇదే. భూమి అయస్కాంత క్షేత్రం కూడా చొరబడని, మ్యూ మెటల్ అనే మిశ్రలోహంతో చేసిన పెట్టెలో ఉంచినా అది కొంత వోల్టేజీ చూపుతుంది. అది ఖాళీ తట్టల వంకర. దాన్ని రాసుకుని ప్రతి కొలతలోనూ తీసివేయాలి. వేడి మారితే ఆ వంకరా, సెన్సర్ స్పందించే తీరూ రెండూ మారతాయి కనుక, ప్రతి సెన్సర్ పక్కన ఒక ఉష్ణమాపకం ఉండాలి.

మరి తూనికరాయి ఏది? నీటిలోని ప్రోటాన్. ఒక టెస్లా క్షేత్రంలో అది సెకనుకు సుమారు 4 కోట్ల 26 లక్షల సార్లు తిరుగుతుంది. ఆ తిరుగుళ్లను లెక్కపెడితే క్షేత్రం బలం తెలుస్తుంది. ఈ లెక్క ఏ ప్రయోగశాలలోనైనా ఒక్కటే, ఆ రాయి అరగదు. అయితే క్షేత్రం అంతటా ఒకేలా ఉన్నచోటనే అది చక్కగా పనిచేస్తుంది, దిక్కు చెప్పదు. అందుకని స్థిరమైన ఒక క్షేత్రంలో హాల్ సెన్సర్‌ను దాని పక్కన ఉంచి సరిచూసి, ఆ తరువాతే సెన్సర్‌ను మూలమూలలకూ పంపుతారు.

దిక్కు సంగతి వచ్చేసరికి నా తక్కెడ చాలడం లేదు, అయినా ఇంకొంత సాగదీస్తాను. తక్కెడకు కింద అన్న ఒక్క దిక్కే తెలుసు. క్షేత్రానికి మూడు దిక్కులు కావాలి గనుక మూడు సెన్సర్లను ఒకదానికొకటి లంబంగా అతికిస్తారు. ఎంత నేర్పరి అతికించినా అవి కచ్చితంగా లంబంగా కుదరవు. ఒక్క డిగ్రీ వాలినా, ఆ దిక్కున లేని క్షేత్రం ఉన్నట్టుగా, అదీ అసలు క్షేత్రంలో దాదాపు 1.7 శాతం మేరకు, కనిపిస్తుంది. దీనికి వాళ్లు చేసే ఉపాయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది: వాలును సరిదిద్దే ప్రయత్నమే చేయరు. మారని క్షేత్రంలో ఆ మూడు సెన్సర్లనూ కలిపి రకరకాల వైపులకు తిప్పుతూ పోతారు. క్షేత్రం మారలేదు కనుక మూడింటి నుంచి లెక్కగట్టిన మొత్తం బలమూ మారకూడదు. మారిందంటే, ఆ మార్పే ఏ సెన్సర్ ఎంత వాలి ఉందో చెప్పేస్తుంది.

ఇది చదివి ఊరుకోకండి. ఫోన్లలోనూ అయస్కాంత సెన్సర్ ఉంటుంది. మూడు దిక్కుల అంకెలనూ విడిగా చూపే యాప్ తెరిచి, ఇనుముకు దూరంగా బల్లమీద ఫోన్‌ను పరచి, బల్ల వెంబడి ఉన్న ఒక దిక్కు (X లేదా Y) అంకెను రాసుకోండి. అదే చోట సరిగ్గా సగం చుట్టు తిప్పి మళ్లీ రాసుకోండి. ఋణ గుర్తు ఉంటే వదలకుండా రెంటినీ కూడి సగం చేయండి. ఆ సగం సున్నాకు ఎంత దూరంలో ఉందో నాకు రాయండి. ఫోన్ తనంతట తాను కొంత దిద్దుకుంటుంది కాబట్టి, మీ ఇద్దరి ఫోన్లలోనూ ఒకే జవాబు రాకపోవచ్చు.

మీ తాతయ్య