కమాను కాళ్లకు గోనె పట్టాలు ఎందుకు?

ప్రియమైన పిల్లలకు,

నిన్న రాత్రి నేను పంపిన ఫొటో చూసి మీరిద్దరూ ఒకే ప్రశ్న వేశారు. "తాతయ్యా, తోటలో ఆర్చి నిలబెట్టావు సరే, దాని కాళ్లకు తడి గోనె పట్టాలు ఎందుకు చుట్టావు?" అని. చెప్పబోతుంటే మీ అమ్మ భోజనానికి పిలిచింది. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఆర్చి అంటే అందరికీ తెలుస్తుంది. నాకు మాత్రం కమాను అన్న పాత మాట ఇష్టం. పారశీకం నుంచి వచ్చిన మాట అది, అక్కడ దానికి విల్లు అని అర్థం. ఒక కొబ్బరి ఈనె తీసుకుని రెండు అరచేతుల మధ్య వంచి చూడండి. నడుము పైకి లేస్తుంది, కొనలు మీ చేతులను బయటికి నెడతాయి. చేతులు కాస్త ఎడం చేస్తే చాలు, ఈనె చదునైపోతుంది. విల్లులో ఆ కొనలను పట్టి ఉంచేది అల్లెతాడు. మన తోట కమానుకు అల్లెతాడు లేదు కనుక ఆ పని నేల చేయాలి. అందుకే పైనున్న వంపు కంటే, మట్టిలో దాగిన కాళ్ల మీదే నేను ఎక్కువ రోజులు పెట్టాను.

మీరు పుట్టకముందు ఇదే చోట మరో కమాను ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు పడిపోయింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి అది. ఊళ్లో మహావృక్షాలే వేళ్లతో లేచిపోయాయి, కైలాసగిరి బోడికొండలా మిగిలింది. అంత గాలికి ఒక ఇనుప కమాను పడిపోవడంలో వింత లేదని అందరూ అన్నారు. కానీ మర్నాడు నేను పైపులు ఎత్తి చూస్తే నాలుగు కాళ్లూ ఒకే ఎత్తులో, నేలకు అంగుళం పైన విరిగి ఉన్నాయి. అక్కడ వేలితో నొక్కితే ఇనుము పొరలు పొరలుగా రాలింది. గాలి కంటే ముందే తుప్పు దాన్ని తినేసింది.

తుప్పు పట్టాలంటే ఇనుముకు నీరు, గాలి రెండూ కావాలి. లోతున తడి ఉంటుంది గానీ గాలి తక్కువ. పైన గాలి ఉంటుంది గానీ తడి త్వరగా ఆరిపోతుంది. రెండూ సమృద్ధిగా కలిసేది నేలమట్టం దగ్గరే. దానికి మన సముద్రపు ఉప్పు తోడు. ఉప్పు గాలిలోని తేమను లాగి పట్టుకుంటుంది, ఇనుమును ఆరనివ్వదు. ఓడరేవు వర్క్‌షాపులో ఇన్నేళ్లు పనిచేసి కూడా, ఆనాడు నేను రంగు వేసిన మామూలు పైపును నేరుగా మట్టిలో పాతాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఈసారి జింకు పూత ఉన్న జీఐ పైపు తెచ్చాను. ఇనుము కంటే ముందు తాను కరిగిపోయి ఇనుమును కాపాడటం జింకు గుణం. పూతకు చిన్న గీత పడినా చుట్టూ ఉన్న జింకు ఆ చోటును కాస్తుంది. పైపును కోసిన కొనలకు మాత్రం జింకు పెయింటు వేయాలి.

ముక్కలన్నీ వాకిట్లో పరిచి లెక్క చూసుకున్నాను. నిచ్చెనల్లాంటి పక్క చట్రాలు రెండు, వాటిని పైన కలిపే వంపు పైపులు రెండు, అడ్డకమ్మీలు, బోల్టులు, నట్లు, వాషర్లు. బిగించేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మొదట అన్ని నట్లనూ చేత్తోనే వదులుగా తిప్పి వదలాలి. ఒక మూల గట్టిగా బిగించేస్తే అవతలి మూల రంధ్రాలు కలవవు, బలవంతం చేస్తే పైపు మెలి తిరుగుతుంది. చట్రమంతా కూడిన తర్వాత మూలలు సరిచూసి, అప్పుడు స్పానరు పట్టాలి.

మూలలు సరిచూడటానికి మీ లెక్కల పాఠమే పనికొచ్చింది. కాళ్ల మధ్య వెడల్పు 4 అడుగులు, మందం 2 అడుగులు. ఎదురెదురు భుజాలు సమానమైనంత మాత్రాన అది దీర్ఘచతురస్రం కాదు, పక్కకు ఒరిగిన సమాంతర చతుర్భుజం కూడా కావచ్చు. రెండు కర్ణాలూ టేపుతో కొలిస్తే ఒకటి అర అంగుళం ఎక్కువ వచ్చింది. ఒక కాలిని కొంచెం జరిపితే రెండూ సమానమయ్యాయి. కాళ్లు నిలువుగా ఉన్నాయో లేదో దారానికి గుండు కట్టి వేలాడదీసి చూశాను. ఎత్తు ఏడున్నర అడుగులు పెట్టాను, ఎందుకంటే తీగ ఎదిగాక కిందికి ఒక అడుగైనా వేలాడుతుంది, మీ నాన్న తల వంచి నడవకూడదు.

ఇక గుంతలు. ఒక్కొక్కటి అడుగు పొడవు, అడుగు వెడల్పు, 21 అంగుళాల లోతు. అడుగున 3 అంగుళాల కంకర, నీరు ఇంకిపోవడానికి. దాని మీద కాలు నిలిపి, ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర కలిపిన కాంక్రీటు. గుంతకు సుమారు 100 కిలోలు పట్టింది, అంటే నాలుగు కాళ్లకు 400. ఇంత బరువు ఎందుకని పక్కింటాయన అడిగారు. భవనాలు కట్టే ఇంజనీర్లు పాటించే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖకు లెక్కించే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లే. వేగం అయిదు రెట్లయితే గాలి తోపు ఇరవై అయిదు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 6 కిలోల బరువుతో తోస్తే, 180 కిలోమీటర్ల గాలి 150 కిలోలకు పైగా తోస్తుంది. ఉత్త పైపుల మధ్య నుంచి గాలి దాటిపోతుంది గానీ, దట్టంగా అల్లుకున్న తీగ తెరచాపలా పనిచేస్తుంది. అందుకే ఇకమీదట తుపాను హెచ్చరిక వచ్చిన రోజే తీగను సగానికి కత్తిరించేస్తాను. పూలు పోతాయి, మళ్లీ పూస్తాయి.

కాంక్రీటు పైభాగాన్ని నేలకు రెండు అంగుళాలు ఎత్తుగా ఉంచి, పైపు నుంచి బయటికి వాలుగా తాపీతో దిద్దాను. వాన నీరు కాలి చుట్టూ నిలవకుండా జారిపోవాలి. పని మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఆ చిన్న వాలే.

ఇప్పుడు మీ గోనె పట్టాల సంగతి. కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. నీరు ముందే ఆవిరైపోతే ఆ కలయిక సగంలో ఆగిపోతుంది, పైన పగుళ్లు వస్తాయి. ఈ మార్చి ఎండకు పట్టాలు గంటలో ఆరిపోతున్నాయి కాబట్టి, వారం రోజుల పాటు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడుపుతున్నాను. మీ అమ్మమ్మ బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు, మంచినీళ్లు కాంక్రీటుకు అని పంచి పెట్టింది. మీరు ఎప్పుడైనా ఇలాంటి పని చూస్తే తడి సిమెంటును ఉత్త చేతులతో ముట్టుకోకండి, చర్మం కాలిన పుండులా అవుతుంది.

పాదులో పెట్టబోయేది రాధామనోహరం, కడియం నర్సరీ మొక్క. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తర్వాతి రోజుల్లో గులాబీ రంగుకు, ఎరుపుకు మారే పూలు. పాత కమాను మీద ఉన్నదీ అదే. తొలకరి పడేదాకా కుండీలోనే ఉంచుతాను, మట్టి తడిసాక కాలికి అడుగు దూరంలో నాటుదాం.

వంపు మీద ఎనిమిది బోల్టులను కొత్త బరువుకు సర్దుకోనిచ్చి మరోసారి బిగించాలి. మే నెలలో మీరు వచ్చేదాకా వాటి జోలికి వెళ్లను. 13 నంబరు స్పానర్లు రెండు నూనె రాసి అలమారాలో పెట్టాను, ఒకటి బోల్టు తలను కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఎవరు ఏది పట్టుకోవాలో మీరే తేల్చుకుని రండి.

ప్రేమతో,
మీ తాతయ్య,
విశాఖపట్నం